గాజు అంచు మీది నంబరు

మా నాన్న బాలశౌరి రెంటచింతలలో ఫొటోగ్రాఫరు. చర్చి పండగలకీ, పెళ్లిళ్లకీ ఫొటోలు తీసేవాడు. మాచర్ల జైనాబ్ బీ పేరెత్తితే ఆయన అనే మాట ఒకటే: "ఆమె చేతిలో పడ్డ కెమెరా బతుకుద్ది. ఆమె మనసులో పడ్డ మనిషి మాత్రం బతకడు." ఆమె కథ కొంత నాన్న దగ్గర విన్నాను. మిగతాది ఆమే చెప్పింది, ఎక్కడా గొంతు తగ్గించకుండా.

జైనాబ్ బీ పుట్టింది గురజాలలో. తండ్రి జట్కా గుర్రాలకు జీనులు, కళ్లేలు కుట్టేవాడు. ఆయనకు మగపిల్లలు లేరు. అందుకని తోలు నానబెట్టడం, కాగితమంత పల్చగా చెక్కడం, మైనం పట్టించిన దారంతో కుట్టడం అన్నీ ఈమెకే వచ్చాయి. పదహారో ఏట మాచర్ల నూర్ మొహమ్మద్‌కిచ్చి నిఖా చేశారు. అతనికి స్టేషను రోడ్డులో చిన్న స్టూడియో ఉండేది. ఒక గది, వెలుతురు కోసం పైకప్పులో నాలుగు గాజు పెంకులు, వెనక రాజమహలు బొమ్మ వేసిన తెర.

పెళ్లయిన రెండేళ్లకు, అంటే పందొమ్మిది వందల ముప్ఫై నాలుగులో, నూర్ మొహమ్మద్ కెమెరా తెప్పించాడు. అప్పట్లో కెమెరా కొనడమంటే చూసి కొనడం కాదు. మద్రాసు నుంచి కేటలాగు వచ్చేది. అందులో బొమ్మ చూసి, మనసుపడి, స్టేషను మాస్టరు చేత ఇంగ్లీషులో ఉత్తరం రాయించుకోవాలి. రెండు నెలలకు రైల్లో పెట్టె దిగేది. ఆ రోజు ప్లాట్‌ఫారం మీదే మేకులు పీకి పెట్టె తెరిచాడట. గడ్డిలోంచి టేకు చెక్క, ఇత్తడి మూలలు, ముందుకీ వెనక్కీ సాగే మడతల నల్లటి తోలు తిత్తి బయటికొచ్చాయి. ముందు జర్మనీ లెన్సు. దాని ఇత్తడి గొట్టం మీద చెక్కిన నంబరు ఉంది. నూర్ మొహమ్మద్ ఆ నంబరు రోజూ గుడ్డతో తుడిచేవాడు. తుడిచేటప్పుడు బయటికే చదివేవాడు. జైనాబ్ బీకి ఇంగ్లీషు రాదు కానీ ఆరు అంకెలూ చూస్తే గుర్తుపట్టేంతగా కంఠతా వచ్చేశాయి: నాలుగు, ఒకటి, ఏడు, సున్నా, తొమ్మిది, రెండు.

కొనడం కంటే రిపేరు కష్టం. ఏది చెడినా గోనెలో చుట్టి మద్రాసు పంపాలి. అది తిరిగొచ్చేదాకా స్టూడియోకు తాళమే. అందుకే నరసరావుపేటలో జానకిరామయ్య కెమెరా డిపో పెట్టి, ఒక మిస్త్రీని కూడా కూర్చోబెట్టినప్పుడు పల్నాడులో ఫొటోలు తీసేవాళ్లంతా ఊపిరి పీల్చుకున్నారు. పొద్దున రైలెక్కితే మధ్యాహ్నానికి డిపో.

ముప్ఫై తొమ్మిది మాఘంలో నూర్ మొహమ్మద్ కెమెరా షట్టరు తెర వదులైంది. డిపోలో ఇచ్చి, పదిహేను రోజులకు తెచ్చుకున్నాడు. తెచ్చుకున్న వారానికే గురజాల అమరేశ్వరరావు ఇంట్లో కూతురి పెళ్లి. ఆయన వందెకరాల ఆసామి. పందిట్లో నలభై మందిని మూడు వరసల్లో కూర్చోబెట్టి నూర్ మొహమ్మద్ ఫొటో తీశాడు. ఎడమ చివర కుర్చీలో అమరేశ్వరరావు అన్న హనుమయ్య కూర్చున్నాడు. జబ్బు మనిషి.

ఫొటో కడిగి చూస్తే మధ్యలో పెళ్లికొడుకు మీసం వెంట్రుకతో సహా కనిపిస్తోంది. చివరలు మాత్రం నీళ్లలో ముంచి తీసినట్టు చెదిరిపోయాయి. ఆ ఫొటోలు ఇవ్వడానికి నూర్ మొహమ్మద్ సందేహిస్తూ ఉండగానే హనుమయ్య పోయాడు. పటం కట్టించుకుందామని ఇంట్లోవాళ్లు ఫొటో తెప్పించుకున్నారు. హనుమయ్య మొహం ఉండాల్సిన చోట తెల్లటి మసక ఉంది.

అమరేశ్వరరావు మర్నాడే మాచర్ల వచ్చాడు. సంత రోజు. స్టూడియో ముందు బండి ఆపి ఫొటోలన్నీ బజార్లోకి విసిరాడు.

"మా అన్న మొహం ఏదిరా సాయిబూ? ఒక్కటంటే ఒక్క ఫొటో, అదీ తగలేశావు. ఇంకోసారి కెమెరా పట్టుకొని గురజాల పొలిమేర తొక్కితే కాళ్లిరగ్గొడతా!"

సంతకొచ్చిన జనం ఫొటోలు తొక్కుకుంటూ పోయారు. జైనాబ్ బీ పరదా వెనక నుంచి చూసింది. తర్వాత బయటికొచ్చి, ఒక్కొక్కటీ ఏరింది.

నూర్ మొహమ్మద్‌కు డిపో మీద అనుమానమొచ్చింది. భార్యను వెంటబెట్టుకొని నరసరావుపేట వెళ్లాడు. ఆమె బుర్ఖాలో డిపో మెట్ల మీద కూర్చుంది. లోపల మాటలన్నీ వినిపిస్తూనే ఉన్నాయి.

"లెన్సు మారిందేమోనండీ" అన్నాడు నూర్ మొహమ్మద్, చాలా మెల్లగా.

జానకిరామయ్య రిజిస్టరు తెరిచి అందరికీ కనిపించేట్టు పెట్టాడు. "నువ్విచ్చినప్పుడు రాసుకున్న నంబరు ఇది. నీ లెన్సు మీద నంబరు చూస్కో. ఇత్తడి నీదే, నంబరు నీదే. కళ్లే నీవి కావు సాయిబూ! పోయి కళ్లద్దాలు పెట్టించుకో."

కొట్లో ఉన్నవాళ్లంతా నవ్వారు. నూర్ మొహమ్మద్ నంబరు చూసుకున్నాడు. అదే నంబరు. మెట్లు దిగాడు.

ఆ రోజు నుంచి అతను తన చేతినీ, తన కంటినీ నమ్మడం మానేశాడు. గిరాకీ రాలేదు. వచ్చిన ఒకరిద్దరిని కూడా "నాకు చేతకావడం లేదయ్యా" అని పంపేశాడు. ఏడాది తిరిగేసరికి నాపరాళ్ల గనిలో కూలికి వెళ్లాడు. నలభై ఒకటి ఎండాకాలంలో రాయి మోస్తూ పడిపోయాడు. ఇంటికి తెచ్చేసరికే ఒళ్లు కాలిపోతోంది. పోయే ముందు కూడా అతనన్న మాట, "ఫోకస్ సరిగ్గానే చూశా గదే, ఎట్టా తప్పింది?" అని.

"వాడు వడదెబ్బకు చచ్చాడంటారు" అని జైనాబ్ బీ నాతో అంది. "వడదెబ్బా, పాడా! తప్పు తనదే అనుకొని చచ్చాడమ్మా."

అప్పటికి యుద్ధం ముదిరింది. జర్మనీ సరుకు శత్రువుల సరుకైంది. ఓడలు రావడం లేదు. కొత్త కెమెరా అన్న మాటే లేదు. ఫొటో పడే గాజు ప్లేట్లు పటాలానికే చాలడం లేదు. డిపోలో అద్దాల బీరువాలు ఖాళీ అయ్యాయి. మిస్త్రీ మిలిటరీ వర్క్‌షాపులో చేరిపోయాడు. ఉన్న కెమెరాలనే కాపాడుకోవాలి. పైగా మా రెంటచింతల ఎండకు తోలు తిత్తి మడతల్లో పగిలిపోయేది. సూదిమొనంత చిల్లు పడ్డా చాలు, వెలుగు దూరి ప్లేటు పాడవుతుంది.

నలభై రెండులో మా నాన్న కెమెరాకు అదే జరిగింది. జైనాబ్ బీ తోలుపని బాగా చేస్తుందని ఎవరో చెబితే మాచర్ల వెళ్లాడు. జైనాబ్ బీ తిత్తిని ఎండకేసి పట్టి, లోపలికి తల దూర్చి చిల్లులన్నీ చూసింది.

"అతుకు పనికిరాదు తమ్ముడూ. కొత్తది కుడతా. నల్ల గొడుగు ఒకటి తెచ్చియ్యి" అంది.

"గొడుగెందుకక్కా?"

"లోపల గుడ్డకి. మరి మద్రాసు నుంచి ఓడ దిగుద్దా ఏంది?"

పైన పల్చగా చెక్కిన మేకతోలు, లోపల గొడుగు గుడ్డ, మధ్యలో చింతగింజల జిగురు. పురుగు తినకుండా ఆ జిగురులో చిటికెడు మైలతుత్తం కలిపింది. ఆ తిత్తి పదిహేనేళ్లు పనిచేసింది. మా నాన్న వెళ్లి అందరికీ చెప్పాడు. నడికుడి కోటయ్య వచ్చాడు, పిడుగురాళ్ల వాళ్లు వచ్చారు. షట్టరు పని ఆమెకు రాకపోతే భర్త కెమెరాను విప్పి, బిగించి, మళ్లీ విప్పి నేర్చుకుంది. తెరకు కూడా గొడుగు గుడ్డే, స్ప్రింగు పోతే పాత గడియారం స్ప్రింగే. రెండేళ్లలో పల్నాడు కెమెరాలన్నీ ఆమె వాకిట్లోకే వచ్చేవి.

నలభై మూడులో కోటయ్య తన లెన్సు మసకేసిందని తెచ్చాడు. జైనాబ్ బీ గాజు బయటికి తీసి తుడుస్తుంటే, గరుకుగా ఉన్న అంచు మీద పెన్సిలుతో రాసిన అంకెలు కనిపించాయి. ఇత్తడి మీదున్న నంబరే. లెన్సు చేసే చోట, ఏ గాజు ఏ గొట్టంలోదో కలిసిపోకుండా రాసుకుంటారట. ఆ వారం తన దగ్గరున్న జర్మనీ లెన్సులన్నీ విప్పింది. అన్నిట్లోనూ పెన్సిలు రాతే, అన్నిట్లోనూ ఇత్తడి నంబరే.

అప్పుడు భర్త లెన్సు విప్పింది. షట్టరును ఎన్నోసార్లు విప్పింది కానీ, అతను అంత అపురూపంగా చూసుకున్న గాజును అంతవరకూ కదపలేదు. అంచు మీద ఏ రాతా లేదు. గాజు గొట్టానికి చిన్నదవడంతో కదలకుండా చుట్టూ కాగితం ముక్క చుట్టి దూర్చారు. ఇత్తడి అతనిదే, నంబరు అతనిదే, గాజు మాత్రం ఎవరిదో.

ఆ పూట పొయ్యి వెలిగించలేదు. గాజు అరచేతిలో పెట్టుకొని చీకటి పడేదాకా కూర్చుంది. నాన్న సంగతి విని, "కోర్టుకెక్కుదామక్కా" అన్నాడు.

"కోర్టుకెక్కితే వాడు వకీలును పెడతాడు. నేను బుర్ఖాలో నిలబడాల. మళ్లీ నవ్వుతారు" అంది. "నవ్వులు ఒకసారి విన్నా, చాలు. వాడే నా వాకిట్లోకి రావాల."

ఆ రోజు నుంచి ఒక షరతు పెట్టింది. ఇకమీదట జానకిరామయ్య డిపోలో ఏది కొన్నా, ఆ మనిషి కెమెరా ఆమె ముట్టదు. ఎందుకో చెప్పలేదు. ఫొటోగ్రాఫర్లు గొణుక్కున్నారు, కానీ ఇంకో దిక్కు లేదు. డిపో గడప తొక్కడం మానేశారు. కోటయ్య ఒక్కడు చాటుగా వెళ్లి పాత ప్లేట్ల పెట్టె కొన్నాడు. అది ఎలాగో ఆమెకు తెలిసింది. పెళ్లిళ్ల నెలలో అతని షట్టరు విరిగితే చేయనంది. కోటయ్య వాకిట్లో కూర్చొని కళ్లనీళ్లు పెట్టుకున్నా చేయలేదు. ఆ నెల అతని ఇల్లు పస్తులుంది.

"అది మాత్రం పాపమే" అని నాతో ఒప్పుకుంది. "అయినా పనిచేసింది. ఆ తర్వాత ఒక్కడూ పోలా డిపోకి" అంది.

నలభై ఆరు వేసవి మొదట్లో మా నాన్న ఒక పెద్ద కెమెరా తెచ్చాడు. గుంటూరు స్నేహితుడిదని చెప్పాడు. తెర చినిగింది, తిత్తి పగిలింది. తన దగ్గరికొచ్చిన ప్రతి లెన్సునూ విప్పి చూడడం ఆమెకు అప్పటికి అలవాటు. ఇదీ విప్పింది. గాజు పట్టేట్టు గొట్టాన్ని లోపల అరగదీశారు. గాజు అంచు దీపం దగ్గర పెట్టుకొని చూసింది.

నాలుగు, ఒకటి, ఏడు, సున్నా, తొమ్మిది, రెండు.

మర్నాడు నాన్నను పిలిపించింది. "నిజం చెప్పు తమ్ముడూ. ఎవరిది ఈ కెమెరా?"

నాన్న తల దించుకున్నాడు. "జానకిరామయ్యదక్కా. మద్రాసు పంపితే మూడు నెలలంట. కాళ్లావేళ్లా పడ్డాడు. నీకు తెలిస్తే చెయ్యవని నా పేరు చెప్పమన్నాడు."

ఆమె తిట్టలేదు. "పని చేస్తా. తీసుకుపోవడానికి మాత్రం వాణ్నే రమ్మను" అంది.

తెర మార్చింది, తిత్తి కొత్తది కుట్టింది. పనిలో ఎక్కడా లోపం చేయలేదు. జానకిరామయ్య వచ్చే రోజు మా నాన్ననూ, కోటయ్యనూ, ఇంకో ఇద్దరు ఫొటోగ్రాఫర్లనూ పిలిచి అరుగు మీద కూర్చోబెట్టింది. ఆమె మనసులో అనుకున్నది ఒకటుంది. నలుగురి ముందూ అతను తప్పు ఒప్పుకొని, నూర్ మొహమ్మద్ చేతిలో లోపం లేదని నోటితో అంటే, అతను అంత కంగారుపడుతున్న ఆ ఒక్క పనికి గాజు ఇచ్చి, తర్వాత తీసుకుందామనుకుంది.

మధ్యాహ్నం రైలుకు జానకిరామయ్య దిగాడు. లావెక్కాడు, జుట్టు తెల్లబడింది. "ఏమ్మా, అయిందా? రేపే ముహూర్తం" అంటూ వచ్చాడు.

ఆమె ఇత్తడి గొట్టం అతని చేతికిచ్చింది. "దీని మీద నంబరు చదవండి."

చదివాడు. తర్వాత గాజు ఇచ్చింది. "అంచు మీద పెన్సిలు రాత ఉంది. అదీ చదవండి, అందరికీ వినపడాల."

మూడు అంకెలు చదివి అతను గాజు దించేశాడు. మిగతా మూడూ కోటయ్య లేచొచ్చి చదివాడు.

"మొదటిది నా మొగుడి గొట్టం. రెండోది నీ కెమెరాలోంచి తీసిన గాజు" అంది జైనాబ్ బీ. "ఏడేళ్ల కిందట నీ డిపోలో నిలబడి లెన్సు మారిందని అడిగాడు. నువ్వేమన్నావో ఇప్పుడు చెప్పు."

జానకిరామయ్య ఆమె వంకా, గాజు వంకా అయోమయంగా చూశాడు. "నీ మొగుడెవరమ్మా?"

"నూర్ మొహమ్మద్."

"ఏ నూర్ మొహమ్మదు?"



"నటిస్తే నాకు తెలిసేది" అని ఆమె నాతో అంది. "వాడికి నిజంగానే గుర్తులేదు. నేను ఏడేళ్లు ఆ మాట నెమరేస్తూ బతికా. వాడు అన్న గంటకే మర్చిపోయాడు. అట్టా ఎంతమందిని అన్నాడో!"

ఆమె గాజు వెనక్కి తీసుకుంది. భర్త గొట్టంలోంచి తీసిన నాసిరకం గాజును, దాని కాగితం ముక్కతో సహా జానకిరామయ్య లెన్సులో అందరి ముందే బిగించింది. కెమెరా అతని ముందు పెట్టింది.

"షట్టరు చేశా, తిత్తి కుట్టా. నీది నీకు, నాది నాకు. తీసుకుపో."

"అమ్మా, ఈ గాజుతో గ్రూపు ఫొటో రాదు. రేపు గురజాల అమరేశ్వరరావు గారి పెద్దకొడుకు పెళ్లి. ఆయన సంగతి నీకు తెలవదు, నన్ను బతకనియ్యడు. యుద్ధమయ్యాక మిలిటరీ వాళ్లు అమ్మేస్తున్న కెమెరాల్లో మంచిది తెప్పించి నీకే ఇస్తా. ఈ ఒక్కసారికి..."

"అమరేశ్వరరావు పేరు వినగానే అల్లా ఉన్నాడని నాకు మళ్లీ నమ్మకం కుదిరింది" అని నాతో చెప్పి జైనాబ్ బీ పకపకా నవ్వింది.

జానకిరామయ్య అరుగు మీదున్న నలుగురినీ ఒక్కొక్కరినే కెమెరా అరువడిగాడు. ఎవరూ ఇవ్వలేదు. సాయంత్రం రైలుకు వెళ్లిపోయాడు.

పెళ్లి ఫొటోలు ఎలా వచ్చాయో చెప్పక్కర్లేదు. చివరలో కూర్చున్నవాళ్లెవరికీ మొహాల్లేవు. ఈ లోపల కోటయ్య నడికుడి నుంచి నరసరావుపేట దాకా ప్రతి స్టేషన్లోనూ సంగతి చెప్పుకుంటూ పోయాడు. డిపోలో ఎప్పుడైనా కెమెరా ఇచ్చినవాళ్లంతా లెన్సులు విప్పి చూసుకున్నారు. మరో ముగ్గురి గాజులు మారినట్టు తేలింది. వాళ్లు డిపో ముందు గుమిగూడారు. అమరేశ్వరరావు మనుషులు బీరువాల అద్దాలు పగలగొట్టారు. దసరా నాటికి డిపో మూతపడింది. జానకిరామయ్య వేరే ఊరు పోయి కిరసనాయిలు అమ్ముకుంటున్నాడని చెప్పుకున్నారు.

ఆ దసరా అయ్యాక అమరేశ్వరరావు మాచర్ల వచ్చి జైనాబ్ బీ వాకిట్లో నిలబడ్డాడు. పెద్దమనిషి వచ్చాడని, ఏదో పని మీద అక్కడే ఉన్న నాన్న కుర్చీ వేశాడు.

"తప్పు వాడిదని ఇప్పుడు తెలిసిందమ్మా. ఆనాడు మీ ఆయన మీద తొందరపడ్డా" అన్నాడు.

"ఫొటోలు ఎక్కడ విసిరావయ్యా?"

"బజార్లో."

"మరి నా వాకిట్లో చెప్తావేంది? సంత రోజు బజార్లో నిలబడి చెప్పు."

అమరేశ్వరరావు మొహం ఎర్రబడింది. కర్ర తీసుకొని లేచాడు. "ఆడదానివని ఊరుకుంటున్నా" అని వెళ్లిపోయాడు.

ఆ మర్నాటి నుంచి షరతులో ఒక పేరు మారింది, అంతే. అమరేశ్వరరావు ఇంట్లో ఫొటో తీసినవాడి కెమెరా ఆమె ముట్టదు. మూడేళ్లు ఆ ఇంటికి పల్నాడు ఫొటోగ్రాఫరు ఎవరూ వెళ్లలేదు. మనవడు పుట్టాడు, ఫొటో లేదు. ముసలి తల్లి పోయింది, ఫొటో లేదు.

మా నాన్న ఒకసారి ఉండబట్టలేక, "ఇంక చాలక్కా, నూర్ భాయి కూడా ఒప్పుకోడు" అన్నాడు.

"వాడు మంచోడు గనకే చచ్చాడు" అంది ఆమె, పని ఆపకుండా.

ఆ పంతం చివరికి ఆగింది, కానీ తీరినందువల్ల కాదు. యుద్ధం అయిపోయాక ఓడలు మళ్లీ తిరిగాయి. నలభై తొమ్మిదికల్లా మద్రాసులో చిన్న డబ్బా కెమెరాలు విరివిగా వచ్చాయి. కేటలాగు లేదు, ఉత్తరం లేదు. కొట్లోకి పోయి బీరువాలోంచి తీయించుకొని చంకన పెట్టుకు రావడమే. ప్లేట్లు పోయి ఫిల్ము చుట్టలొచ్చాయి. తిత్తి లేదు, ఇత్తడి లేదు. ఫొటో తీయడానికి ఫొటోగ్రాఫరు కూడా అక్కర్లేదు. మద్రాసులో చదువుకొని తిరిగొచ్చిన అమరేశ్వరరావు చిన్నకొడుకు అలాంటిది ఒకటి కొన్నాడు. ఇంటిల్లిపాదికీ తనే ఫొటోలు తీశాడు. ఆ కబురు విన్న రోజు జైనాబ్ బీ సూది విరిగేదాకా కుట్టిందట.

కొన్ని నెలలకు ఒక పాతికేళ్ల యువకుడు గుడ్డసంచిలో డబ్బా కెమెరా పట్టుకొచ్చాడు. నొక్కితే మీట కదలడం లేదు. గొడవలప్పుడు ఊళ్లో లేడు, ఈమె ఎవరో అతనికి తెలియదు. మాచర్లలో ఒక బూబమ్మ బాగుచేస్తుందని ఎవరో చెబితే వచ్చాడు.

"ఏ ఊరు నాయనా?"

"గురజాల. అమరేశ్వరరావు గారి చిన్నబ్బాయిని."

ఆమె డబ్బా విప్పింది. రేకు పెట్టె, ఒంటి గాజు, అంచు మీద ఏ రాతా లేదు. లోపల చిన్న స్ప్రింగు కొక్కెం నుంచి జారింది. చూసి, మళ్లీ మూసేసింది.

"ఇది బాగయ్యేది కాదు నాయనా. ఈ కొత్త రకాలు బాగుచేయడానికి చేసినయ్యి కాదు. పారేసి ఇంకోటి కొనుక్కో."

"రెండు నిమిషాల పని" అని నాకు చెప్పేటప్పుడు ఆమె కళ్లు మెరిశాయి. "గోటితో లాగితే పట్టేది."

ఆ అబ్బాయి ఆమె మాట నమ్మాడు. దణ్ణం పెట్టి వెళ్లి, వారం తిరక్కుండా మద్రాసు నుంచి ఇంకో కెమెరా తెప్పించుకున్నాడు.